బ్యాటరీ షెడ్ల స్థలం శుద్ధి: మట్టి తీసే ముందే ఊరిని అడగాలి కదా? (విజయనగరం)

గట్టుమీద · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఈ వేదికలో చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను.

మా వీధి చివర ఆరెకరాల స్థలం ఉంది. ఊరి పాత చెత్త దిబ్బ అది. వేరే యార్డు వచ్చాక చెత్త బళ్లు రావడం మానేశాయి గానీ దిబ్బ అలాగే ఉండిపోయింది. దక్షిణం మూల ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే రేకుల షెడ్లు ఉండేవి. ఇప్పుడు రేకులు లేవు, పునాదులు కూడా పైకి కనబడవు. ఆ మూల నుంచి వాన నీళ్లు గెడ్డలోకి, గెడ్డ నుంచి కింది చెరువులోకి పోతాయి.

మొన్న బుధవారం దీని శుద్ధి గురించి సమావేశం పెట్టారు. పొద్దున్న పదకొండింటికి. వీధిలో కూలికెళ్లేవాళ్లు కూలికి, ఆఫీసులకెళ్లేవాళ్లు ఆఫీసులకి వెళ్లిపోయాక. సచివాలయం గోడకి అంటించిన కాగితం ముందురోజు సాయంత్రం నా కంటబడింది కాబట్టి సెలవు పెట్టి వెళ్లాను. మొత్తం పద్నాలుగు మందిమి, అందులో ఐదుగురు పని చేయించేవాళ్ల మనుషులే. తెర మీద వేసినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. దిబ్బ తవ్వి జల్లెడ పడతారట, నేల చదును చేసి పార్కు వేస్తారట, ఒక పక్కన ఇళ్ల స్థలాలట. తొమ్మిది చోట్ల మట్టి తీసి పరీక్ష చేయించారు, అంతా 'పరిమితుల లోపే' ఉంది అన్నారు.

మా పక్కింటి మామ్మగారు లేచి ఒక్కటే అడిగారు. "బాబూ, షెడ్లున్న మూల ఎన్ని చోట్ల తీశారు?" ఆ అబ్బాయి మ్యాపు చూశాడు. చాలాసేపు చూశాడు. "అక్కడ తీయలేదండి. షెడ్లు ఉండేవని మాకిచ్చిన కాగితాల్లో లేదు" అన్నాడు.

అతను అబద్ధం ఆడలేదు. నిజంగానే అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ముక్క మా వీధిలో ఏ టీ బడ్డీ దగ్గర అడిగినా చెప్పేవారు. కానీ అడగలేదు. అన్నీ అయిపోయాక పిలిచి చూపించారు. దీన్ని ప్రజల భాగస్వామ్యం అని మినిట్స్‌లో రాసుకున్నారు కూడా.

ఇప్పుడు ఏం చేయాలి? చట్టంలో మాకు ఏమైనా పట్టు ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మూడులాంతర్లు · ఆదివారం రాత్రి 9:50

మేడమ్ గారూ, ఆ దిబ్బకి రెండొందల గజాల్లో మా కొట్టు. వేసవిలో దిబ్బ అంటుకుంటే మూడు రోజులు షట్టర్ దించుకుని కూర్చున్నాం. మా నాన్నకి ఆయాసం, ఆ పొగకి ఆయన్ని తీసుకెళ్లి ఊళ్లో చెల్లెలింట్లో పెట్టాను. ఇన్నాళ్లకి డబ్బులొచ్చాయి, మిషన్లొచ్చాయి. ఇప్పుడు సమావేశాలు, కమిటీలు అంటూ మొదలెడితే ఏడాది దాటిపోతుంది, నిధులు వెనక్కి పోతాయి. మళ్లీ ఇంకో పదేళ్లు ఆ పొగే పీల్చాలి.

మీరు చెడ్డ ఉద్దేశంతో రాశారని అనడం లేదు. కానీ పని జరగనివ్వండి. ముందు చెత్త పోనివ్వండి.

నాగావళి_ఒడ్డు · ఆదివారం రాత్రి 11:05

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మట్టి, నీళ్లు పరీక్షించే ల్యాబులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మూడులాంతర్లు గారి తొందర నాకు అర్థమైంది. పొగ బాధ పీల్చినవాళ్లకే తెలుస్తుంది. కానీ ఇక్కడ రెండు రోగాలున్నాయి, మందు ఒక్కదానికే వేస్తున్నారు.

దిబ్బ తవ్వి జల్లెడ పట్టే ఆ పనిని బయోమైనింగ్ అంటారు. అంటే పాత చెత్తను తవ్వి, ఆరబెట్టి, ట్రామెల్ అనే తిరిగే పెద్ద జల్లెడలో వేసి విడదీయడం. కాలే సరుకు సిమెంటు ఫ్యాక్టరీలకి పోతుంది. రాళ్లు, పెంకులు గోతులు పూడ్చడానికి పోతాయి. అడుగున దిగిన సన్నమట్టిని 'మంచి మట్టి' అని నేల ఎత్తు చేయడానికి, మొక్కలకి వాడతారు. ఇళ్ల నుంచి వచ్చిన చెత్తకి ఇది మంచి పద్ధతే. మరి బ్యాటరీ షెడ్డు నేల కూడా అదే జల్లెడలో పడితే? బ్యాటరీ ప్లేట్లలో ఉండే సీసం ఆ సన్నమట్టిలోకే దిగుతుంది. దిబ్బ కనబడకుండా పోతుంది, సీసం మాత్రం పార్కు అంతటా పరుచుకుంటుంది.

సీసం కుళ్లదు, విరిగి ఇంకోటిగా మారదు. ఎక్కువ భాగం పై పొర మట్టినే పట్టుకుని ఉంటుంది. పిల్లలు ఆ మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటారు. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పిల్లల ఒంటికి పడుతుంది. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక 'పరిమితుల లోపే' అన్నారు చూడండి, అక్కడ ఆపి అడగండి: ఏ పరిమితి? ఎవరి కోసం పెట్టినది? కెనడాలో ఇళ్లు, పార్కులు ఉండే నేలలో కిలో మట్టికి 140 మిల్లీగ్రాముల సీసం దాటకూడదు, ఫ్యాక్టరీ నేలలో 600 దాకా ఒప్పుకుంటారు. అమెరికాలో ఇళ్ల మట్టికి చాలాకాలం 400 ఉండేది, 2024 జనవరిలో 200కి దించారు. అంటే ఒకే పిడికెడు మట్టి ఫ్యాక్టరీకి 'లోపే', బడిపిల్లలకి 'పైనే'. ఆ నేల దేనికి వాడతారు అన్నది తేలాకే ఎంత శుభ్రం చేయాలి అన్నది తేలుతుంది. దేనికి వాడాలో చెప్పాల్సింది ల్యాబు కాదమ్మా. అక్కడ బతికేవాళ్లు.

గట్టుమీద · సోమవారం ఉదయం 6:30

మాస్టారూ, రాత్రంతా మీరు రాసిందే తలలో తిరిగింది. సన్నమట్టి సంగతి సమావేశంలో ఒక్క మాట కూడా చెప్పలేదు. తెర మీద ఆకుపచ్చ బొమ్మ, ఉయ్యాల, పిల్లలు. అంతే.

కోర్టు_గేటు · సోమవారం మధ్యాహ్నం 1:15

చట్టం సంగతి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత.

పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టులకి 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో వేయాలి, ఒకటి స్థానిక భాషా పత్రిక అయుండాలి. వీడియో తీయాలి. మన జిల్లాల్లో అందరికీ తెలిసిన తంతు ఇది. కానీ పాత దిబ్బ శుద్ధికి ఆ నోటిఫికేషన్ వర్తించదు. కాబట్టి మీ సమావేశానికి 30 రోజుల నోటీసు ఇవ్వలేదని ఆ నిబంధన చూపించి కొట్లాడలేరు.

రెండోది, కొత్తది. కలుషిత స్థలాల కోసమే కేంద్రం 2025 జులైలో విడిగా నిబంధనలు తెచ్చింది. స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ అనుమానం ఉన్న స్థలాలను ఆరు నెలలకోసారి జాబితా చేసి పోర్టల్‌లో పెట్టాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, అవసరమైతే ఆపైన లోతుగా చూడాలి. కలుషిత స్థలమని తేలితే ప్రభావం పడేవాళ్ల అభిప్రాయాలు తీసుకోవాలి, దానికి 60 రోజుల గడువుంది. పాడు చేసినవాడెవడో వెతికి ఖర్చు అతని చేతే పెట్టించాలి. దొరకకపోతే ప్రభుత్వాలు భరించాలి.

ఇక్కడే ఒక మెలిక. మామూలు చెత్త దిబ్బలు ఈ నిబంధనల కిందికి రావు, వాటికి వేరే చట్టం ఉంది. కానీ ఆ చెత్తలో వేరే ప్రమాదకర పదార్థం కలిసి హద్దు దాటితే వస్తాయి. అంటే మీ స్థలాన్ని 'చెత్త దిబ్బ' అని రాస్తే ఒక దారి, 'బ్యాటరీ షెడ్ల నేల కలిసిన దిబ్బ' అని రాస్తే ఇంకో దారి. ఆ ఒక్క మాట మీదే మీకు 60 రోజులు దొరుకుతాయా లేదా అన్నది ఉంది. మీ మామ్మగారి ప్రశ్న విలువ ఎంతో చూడండి.

చేయాల్సినవి: షెడ్ల సంగతి రాతపూర్వకంగా మున్సిపాలిటీకి, మండలికి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో మూడు చోట్లా ఇవ్వండి, రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద ల్యాబు నివేదిక, మట్టి తీసిన చోట్ల మ్యాపు, టెండరు కాగితాలు అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ మనకి చెన్నై బెంచి. అక్కడికి వెళ్లడం చివరి మాట, మొదటిది కాదు.

కాటవీధి · సోమవారం మధ్యాహ్నం 2:40

సమాచార హక్కు దరఖాస్తులో 'ఎందుకు ఇవ్వలేదు' లాంటి ప్రశ్నలు పెట్టకండి. ఫలానా కాగితం నకలు ఇవ్వండి అని మాత్రమే రాయండి. ఒకసారి మా దరఖాస్తు ఆ కారణంగానే తిప్పి పంపారు.

చంపావతి · సోమవారం రాత్రి 8:20

నేను మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేస్తాను. ఏ ఊళ్లోనో చెప్పను. అటు వైపు ఎలా ఉంటుందో మీకు తెలియాలి.

స్వచ్ఛ భారత్ రెండో దశ 2021 అక్టోబరులో మొదలైనప్పటి నుంచి పాత దిబ్బలన్నీ ఖాళీ చేయాలని మా మీద ఒత్తిడి. ప్రతి వారం అడిగేది ఒక్కటే: ఎన్ని టన్నులు తీశారు, ఎన్ని ఎకరాలు ఖాళీ అయింది. కాంట్రాక్టరుకి టన్ను లెక్కన డబ్బు. సీసం ఉందా లేదా అనే గడి మేం నింపే ఫారంలో లేదు. ఆ మూల పక్కన పెట్టండి అని నేనంటే, ఎకరాలు తగ్గాయేం అని నన్నే అడుగుతారు.

సమావేశం గురించి కూడా నిజం చెప్పాలి. ఫొటో, సంతకాల కాగితం ఉంటే ఫైలు కదులుతుంది. ఎన్నింటికి పెట్టారు, ఏ భాషలో చెప్పారు, ఎవరేం అడిగారు అని పైనుంచి ఎవరూ అడగరు. నేను కూడా అలా పెట్టినవాడినే. చదువుతుంటే సిగ్గేసింది.

అయినా ఒక మాట. పని ఆపేయండి అని మీరు వస్తే ఆఫీసు తలుపులు మూసుకుంటుంది. ఫలానా మూల విడిగా చూడండి, దానికి కారణం ఇదీ అని కాగితంతో వస్తే మాలాంటి వాళ్ల చేతికి ఒక ఆధారం దొరుకుతుంది. పైవాళ్లకి చూపించడానికి మాకూ ఒక కాగితం కావాలి.

పేట_పిల్లడు · సోమవారం రాత్రి 10:45

నాకు టైపు కొట్టడం రాదండి, నాను సెప్తంటే మా గుంటడు రాస్తన్నాడు. ఆడు ఇదంతా నాకు సదివి ఇనిపించాడు.

ఆ షెడ్లల్లో నాను పని సేసేను. 2004 నుంచి అయిదేళ్లు. గొడ్డలెట్టి బేటరీ నెత్తి మీద కొట్టీసి, యాసిడ్డు ఒంపీసి, ప్లేట్లు లాగీసీవోళ్లం. యాసిడ్డు ఎక్కడ ఒంపుతాం, పక్కనే నేల మీద. సింతసెట్టు ఉండీది, దాని మొదట్లోనే. ఏడాదికల్లా సెట్టు ఎండిపోనాది. ప్లేట్లు బట్టీలో ఏసి కరగబెట్టి దిమ్మలు పోసీవోళ్లం. పైన తేలిన సిట్టెం పారెట్టి లాగీసి గెడ్డ ఏపు ఇసిరీసీవోళ్లం. సేతికి గుడ్డ సుట్టుకునీవోళ్లం, అంతే. ఇంటికెళ్లి ఆ బట్టల్తోనే మా గుంటణ్ణి ఎత్తుకున్నాను. అది తలుసుకుంటే ఇప్పుడు నాకు నిద్ర పట్టడం నేదు.

మాతో సేసినోళ్లల్లో ఇద్దరికి కడుపునొప్పులు, సేతులు వణుకు. ఒకడు పోనాడు. దేనికి పోనాడో నాకు తెల్దు, దానికే అని నాను అనను.

ఆ సెట్టు మొద్దు ఎక్కడుందో నాకు తెలుసు. పైన నాలుగడుగులు మట్టి కప్పీసారు. ఎవులైనా వొస్తే సూపిత్తాను. గానీ నా పేరు ఎక్కడా రాయకండి బాబూ. ఆ షెడ్డు బుగత ఊళ్లోనే ఉన్నాడు.

వేదిక నిర్వహణ · సోమవారం రాత్రి 11:00

ఈ చర్చలో ఎవరి పేరు, ఫోన్ నంబరు, షెడ్ల యజమాని వివరాలు రాయవద్దు. కింద ఒక వ్యాఖ్య అందుకే తొలగించాం. పేట_పిల్లడు గారితో మాట్లాడాలనుకునేవారు విడిగా సందేశం పంపండి.

నాగావళి_ఒడ్డు · మంగళవారం ఉదయం 7:10

తమ్ముడూ, మీరు రాసిన నాలుగు వాక్యాలు ఏ యంత్రమూ చెప్పలేదు. వృత్తిలో ఉన్నవాడిగా అంటున్నాను.

మట్టి నమూనాలు ఎలా తీస్తారో చెబుతాను. స్థలానికి సంబంధించిన చరిత్ర తెలియకపోతే మ్యాపు మీద గళ్లు గీసి గడికొకటి తీస్తారు. ఆరెకరాల్లో తొమ్మిదంటే ఒక్కొక్కటి సుమారు అరవై ఏడు సెంట్ల నేల తరఫున మాట్లాడాలి. మీ చింతచెట్టు మొదలు ఎన్ని గజాలు? ఆ గళ్ల మధ్య అది చక్కగా తప్పించుకుంటుంది. పైగా పై జానెడు మట్టే తీస్తే పైన కప్పిన నాలుగడుగుల మట్టినే పరీక్షించినట్టు, ఎక్కడో నుంచి తోలిన ఎర్రమట్టి. 'పరిమితుల లోపే' రాక ఏమొస్తుంది?

చరిత్ర తెలిస్తే అనుమానం ఉన్న చోటే గుంట తవ్వి, ఏ లోతులో రంగు మారిందో అక్కడ తీస్తారు. చేత్తో పట్టుకుని మట్టి మీద ఆనిస్తే నిమిషంలో సీసం లెక్క చూపించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాలున్నాయి. తుది మాట ల్యాబుదే అయినా, ఎక్కడ తవ్వాలో అక్కడికక్కడే తెలుస్తుంది. ఇంకొకటి అడగండి: తీసిన ప్రతి నమూనాలో సగం సీలు వేసి మీకూ ఇవ్వమనండి. రేపు లెక్కలో తేడా వస్తే మీ సగం మీ దగ్గరుంటుంది.

పూల్‌బాగ్_అమ్మ · మంగళవారం మధ్యాహ్నం 3:30

నేను ఒక మాట అంటాను, కోప్పడకండి. మేము అప్పు చేసి ఆ పక్కనే రెండు సెంట్లలో ఇల్లు కట్టుకున్నాం. ఇలా రాస్తూ పోతే రేపు పేపర్లో వస్తుంది. ఆ వీధిలో సీసం ఉందట అంటారు. ఇల్లు ఎవరు కొంటారు? మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఆ వీధి పిల్లంటే ఏమంటారు? సమావేశంలో అందరి ముందూ లేచి మా పిల్లలకి రక్తం పరీక్ష చేయించండి అని అడగడానికి నాకు నోరు రాదు. అలాగని చేయించకుండా ఉండగలనా? రాత్రి మావాడు మట్టి చేతులతో అన్నం దగ్గరికి వస్తే అరిచేశాను. వాడు ఏడ్చాడు. వాడి తప్పేముంది?

గట్టుమీద · మంగళవారం సాయంత్రం 6:15

అమ్మా, కోపం ఎందుకొస్తుంది. మీరు చెప్పింది సమావేశంలో ఎవరూ చెప్పరు, అందుకే అందరి ముందూ మైకు పట్టుకుని మాట్లాడించే సమావేశం ఒక్కటే చాలదు. ఆడవాళ్లు పదిమంది ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకుని, పేర్లు లేకుండా రాసి ఇద్దాం. రక్తం పరీక్ష మీ వీధికి మాత్రమే అనకుండా ఆ గెడ్డకి రెండు పక్కలా ఉన్న పిల్లలందరికీ అని అడుగుదాం. అప్పుడు ఏ ఒక్క ఇంటికీ వేలు చూపినట్టు ఉండదు. శనివారం మా ఇంటికి రండి.

బీల_గట్టు · మంగళవారం రాత్రి 9:00

సోంపేట వైపు మనిషిని. ఊరిని అడగకపోతే ఏమవుతుందో మేము చూశాం. మా బీల ఏడాదిలో చాలాకాలం నీళ్లుండే తడి నేల. వరి, చేపలు, పక్షులు, దాని మీద బతికే వేల కుటుంబాలు. అక్కడ పెట్టాలనుకున్న థర్మల్ ప్లాంటు కాగితాల్లో అది పనికిరాని భూమి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, ఊళ్లు ఊళ్లు వద్దన్నాయి, అయినా అనుమతి వచ్చింది. 2010 జులై 14న కాల్పులు జరిగి మనుషులు పోయారు. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతి రద్దు చేసింది. ఇది చిత్తడి నేలే అని అప్పుడు ఒప్పుకున్నారు. మేము మొదటి రోజు నుంచి చెప్పింది అదే మాట. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో కాకరాపల్లిలోనూ ప్రాణాలు పోయాయి.

మీది శుద్ధి, మాది ప్లాంటు. తేడా తెలుసు. కానీ 'కాగితాల్లో లేదు' అన్న మాట చదవగానే నాకు ఒళ్లు జలదరించింది. నేల ఎలాంటిదో కాగితం ఒకటి చెబుతుంది, దాని మీద బతికినవాళ్లు ఒకటి చెబుతారు. మీరింకా మొదట్లోనే ఉన్నారు. ఇప్పుడే కాగితం మార్పించండి.

తుమ్మపాల · మంగళవారం రాత్రి 9:40

మట్టి తీసేస్తారు సరే, ఎక్కడ వేస్తారు? దీని గురించి ఎవరూ రాయలేదు. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు పడి ఉన్న 337 టన్నుల విషవ్యర్థాలను 2025 జనవరి మొదట్లో పన్నెండు కంటైనర్లలో కాల్చడానికి మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్ తీసుకెళ్లారు. భోపాల్ ఊపిరి పీల్చుకుంది. పీథంపూర్ వీధుల్లోకి వచ్చింది. మా ఊళ్లో కాలుస్తారని మాకెవరు చెప్పారు అని అక్కడివాళ్లు అడిగారు. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. చివరికి హైకోర్టు చెప్పాక ముందు కొంచెం కొంచెంగా కాల్చి చూసి, జూన్ ఆఖరుకి అంతా కాల్చేశారు.

మన వైపు ప్రమాదకర వ్యర్థాలు వెళ్లే చోటు విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలో ఉంది. నేను ఆ దగ్గరివాణ్ణి. మీ పిల్లల కోసం మీరు అడగడం న్యాయం. ఆ లారీలు ఏ దారిన వస్తాయి, టార్పాలిన్ కప్పుతారా, దించేచోట పక్కనున్న ఊళ్లకి చెప్పారా అన్నది కూడా మీ కాగితంలోనే అడగండి.

గట్టుమీద · మంగళవారం రాత్రి 10:05

ఇది నాకు తట్టనే లేదు. రాసుకున్నాను. క్షమించండి, మా వీధి దాటి ఆలోచించలేదు.

సముద్రం_అవతల · బుధవారం ఉదయం 5:50

పుట్టింది విజయనగరం కంటోన్మెంట్‌లో, ఉద్యోగం న్యూజెర్సీలో. ఇక్కడ కలుషిత స్థలాల శుద్ధికి సూపర్‌ఫండ్ అనే చట్టం 1980 నుంచి ఉంది. లవ్ కెనాల్ అనే కాలనీలో రసాయనాలు పూడ్చిన నేల మీద బడి, ఇళ్లు కట్టారు. 1978లో అక్కడి తల్లులు ఇంటింటికీ తిరిగి ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో తామే రాసుకుని గొడవ చేశాక వచ్చిన చట్టమది. శుద్ధి ప్రణాళిక ముందుగా ప్రచురించి కనీసం 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలి. తీసుకోవడం వరకైతే అక్కడా ఇక్కడా ఒకటే. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకి జవాబు రాసి, తుది నిర్ణయంతో పాటు అచ్చు వేయాలి. నాకు నచ్చింది అది. నువ్వు అడిగావు, మేం ఒప్పుకున్నాం, లేదా ఇందుకు ఒప్పుకోలేదు, అని కాగితం మీద ఉంటుంది.

ఇంకొకటి, స్థానికులు తమ తరఫున సొంత నిపుణుణ్ణి పెట్టుకోవడానికి 50 వేల డాలర్ల దాకా గ్రాంటు ఇస్తారు. ఇక్కడా అన్నీ సవ్యంగా జరగవు, ఏళ్లూ పూళ్లూ పట్టిన స్థలాలున్నాయి. మన దగ్గర ఆ గ్రాంటు లేదు గానీ నాగావళి మాస్టారిలాంటి వాళ్లున్నారు. మాస్టారూ, మీ రానుపోను ఖర్చులు నేను పెట్టుకుంటాను, ఒక్కసారి వెళ్లి చూడగలరా?

నాగావళి_ఒడ్డు · బుధవారం ఉదయం 8:00

శ్రీకాకుళం నుంచి విజయనగరానికి బస్సెక్కితే చాలు బాబూ, దానికి ఖర్చేముంది. వస్తాను. ఆ డబ్బు ల్యాబు పరీక్షకి దాచండి.

మూడులాంతర్లు · బుధవారం రాత్రి 9:30

మూడు రోజులుగా అంతా చదువుతున్నాను. పేట_పిల్లడు రాసింది మా నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి ఆ చింతచెట్టు గుర్తుంది. దాని కిందే సోడా బండి ఉండేదట.

నాకు ఇప్పటికీ పని ఆగకూడదనే ఉంది. మరి ఇలా కుదరదా: ఉత్తరం పక్కన ఉత్త ఇళ్ల చెత్తే, అక్కడ తవ్వకం మొదలెట్టనివ్వండి. దక్షిణం మూల ఎకరమో ఎకరంన్నరో తాళ్లు కట్టి వదిలేయండి, పరీక్షలు అయ్యేదాకా అక్కడ జేసీబీ దిగకూడదు. ఆ మూల మట్టి ఈ జల్లెడలోకి రాకూడదు. దీనికైతే బజారు షాపులవాళ్లందరి చేతా నేను సంతకాలు పెట్టిస్తాను.

చంపావతి · బుధవారం రాత్రి 10:10

కుదురుతుంది. పని రెండు భాగాలు చేసి కొలతలు విడిగా రాస్తే టెండరుకి ఇబ్బంది లేదు. ఉత్తరం పక్క సన్నమట్టిని కూడా బయటికి తోలే ముందు పరీక్షించాలని ఒక వాక్యం చేర్చమని అడగండి. షాపులవాళ్ల సంతకాలు, వీధివాళ్ల సంతకాలు ఒకే కాగితం మీద ఉంటే ఆ బలం వేరు.

కోర్టు_గేటు · బుధవారం రాత్రి 10:40

ఒక పేరా నేను రాసి పెడతాను, ఇవాళే. ఇంకో విషయం: మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలో 243ఎస్ అధికరణ ఉంది. 2011 లెక్కల్లో విజయనగరం గానీ శ్రీకాకుళం గానీ మూడు లక్షలు లేవు. పెద్ద ఊళ్లకి దొరికే ఆ మెట్టు మనకి లేదు కాబట్టి, తదుపరి సమావేశం ఎప్పుడు, ఏ భాషలో, ఎన్ని రోజుల ముందు చెప్పి పెట్టాలో కూడా ఈ వినతిలోనే అడుగుదాం. ఆదివారం సాయంత్రం, తెలుగులో, పదిహేను రోజుల ముందు వీధి వీధికీ మైకు బండి.

గట్టుమీద · మూడు వారాల తర్వాత, సోమవారం రాత్రి 8:30

ఆలస్యానికి మన్నించాలి. జరిగింది రాస్తున్నాను.

212 సంతకాలతో కాగితం ఇచ్చాం. మూడు చోట్లా రసీదులు తీసుకున్నాం. పది రోజులకి ఒక అధికారి ఫోన్ చేశారు, నిన్న ఆదివారం పొద్దున్నే స్థలం దగ్గరికి వచ్చారు. మాస్టారు తొలి బస్సుకే దిగారు. పేట_పిల్లడు గారు కొడుకుని తీసుకుని వచ్చారు, మొహానికి తువ్వాలు చుట్టుకుని. అధికారి ఆయన పేరు అడగలేదు. "ఎక్కడో చూపించండి చాలు" అన్నారు.

ఆయన గెడ్డ ఒడ్డు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒకచోట మడమతో గీత గీశారు. తవ్వించారు. మూడడుగుల దాకా ఎర్రమట్టి. ఆ కింద మట్టి రంగు మారింది, బూడిదలా, పొరలు పొరలుగా. అందులో అరచేతిలో సగం ఉండే నల్లటి ప్లాస్టిక్కు పెంకులు, అంచులు పదునుగా, నిన్ననే విరగ్గొట్టినట్టు. వాటికి అంటుకుని తెల్లటి పొడి. ఇంకో అడుగు దిగేసరికి చింత వేరు తగిలింది, నల్లగా. ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారు నన్ను వెనక్కి జరగమన్నారు, చేతులు కట్టుకుని ఉండమన్నారు.

ఆరు చోట్ల నమూనాలు తీశారు. సగం సంచులు సీలు వేసి మాకిచ్చారు, వాటి మీద నేనూ మూడులాంతర్లు గారూ సంతకం చేశాం. దక్షిణం మూలకి తాళ్లు కట్టారు. ఫలితాలు ఇంకా రాలేదు. స్థలాన్ని మండలి జాబితాకి పంపుతామన్నారు గానీ కాగితం ఇంకా మా చేతికి రాలేదు, అది వచ్చేదాకా వదలం. పిల్లల రక్త పరీక్ష విషయం తేల్చలేదు. పరవాడ ప్రశ్నకి జవాబు రాలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి సమావేశం, తెలుగులో. ఈసారి పార్కా, ఇళ్లా, ఇంకేదైనా అన్నది ముందు మాట్లాడతారట. పూల్‌బాగ్_అమ్మ గారి ఇంట్లో కూర్చుని ఆడవాళ్లం రాసిన ప్రశ్నలు పదహారు అయ్యాయి. వాటిని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాలి, ఎవరైనా సాయం చేయగలరా?

మూడులాంతర్లు · సోమవారం రాత్రి 8:45

మా కొట్టు పక్కన ఫ్లెక్సీ షాపు ఉంది. రేపు పొద్దున్న కాగితం పంపండి, మధ్యాహ్నానికి అయిపోతుంది.

పేట_పిల్లడు · సోమవారం రాత్రి 11:20

ఇంకోటి గురుతొచ్చిందండి. నిన్న అక్కడ నిల్చుంటే గురుతు రానేదు, ఇంటికొచ్చి పడుకున్నాక వొచ్చింది. పెద్ద షెడ్డు ఎనకాల నుయ్యి ఉండీది. నీల్లు పాడైపోనాయని వాడకం మానీసి, ఆకర్లో సిట్టెం, పగిలిపోయిన డబ్బాలు అందులోనే పోసీసి పైన మట్టి కప్పీసినాం. నాను కూడా పోసినోణ్ణే. అది తాళ్లు కట్టిన గీతకి ఇవతల పడతాది, ఉత్తరం ఏపు.

అటు మిషన్లు రేపటి నుంచి దిగతాయని ఇన్నాను. పొద్దున్న ఆరింటికల్లా నానక్కడ ఉంటాను. ఎవులైనా ఆ ఆఫీసరు గారికి ఫోను సేసి సెప్పండి.

గట్టుమీద · సోమవారం రాత్రి 11:24

ఇప్పుడే చేస్తున్నాను. ఆరింటికి నేనూ వస్తాను.